స్కాట్లండ్ ప్రభుత్వ ఐదేళ్ల ఆర్థిక ప్రణాళిక చదివి, సొంతంగా లెక్క వేసుకోవడం ఎలా

స్కాట్లండ్ ప్రభుత్వం ఏడాదికోసారి, అప్పుడప్పుడు ఎగ్గొడుతూ, మీడియం టర్మ్ ఫైనాన్షియల్ స్ట్రాటజీ అని ఒక పత్రం బయటపెడుతుంది. వచ్చే ఐదేళ్లలో డబ్బు ఎంత రావచ్చు, ఖర్చు ఎంత కావచ్చు, రెండింటికీ మధ్య తేడా ఎంత అన్నది అందులో ఉంటుంది. మొదటిది 2018 మేలో వచ్చింది. అది వచ్చిన ప్రతిసారీ వార్తల్లో ఒకే ఒక్క అంకె తిరుగుతుంది. 2023 మేలో అయితే 2027–28 నాటికి 190 కోట్ల పౌండ్ల గ్యాప్ అన్నారు, 2025 జూన్‌లో 2029–30 నాటికి 260 కోట్లు అన్నారు. ఆ అంకె చూసి టెన్షన్ పడి, పార్టీలు తిట్టుకోవడం విని, అక్కడితో వదిలేస్తే మీకు తెలిసింది ఏమీ లేనట్టే. ఎందుకంటే ఆ లోటు ఎప్పటికీ రాదు. రోజువారీ ఖర్చులకు తనకిష్టమైనంత అప్పు తెచ్చుకునే అధికారం ఆ ప్రభుత్వానికి లేదు, కాబట్టి ఏ ఏడాదికి ఆ ఏడాది బడ్జెట్ ఎలాగోలా సరిపోయి తీరాలి. మరి 260 కోట్లంటే ఏంటి? ఇంకా ఎవరూ తీసుకోని నిర్ణయాలన్నీ కలిపితే వచ్చే మొత్తం. ఆ నిర్ణయాలు ఏ వరుసలో దాక్కున్నాయో పట్టుకోవడానికే ఈ గైడ్.

ఎకనామిక్స్ డిగ్రీ అక్కర్లేదు. ఒక స్ప్రెడ్‌షీట్, ఒక తీరికైన సాయంత్రం ఉంటే చాలు. పత్రంలో అంకెలన్నీ మిలియన్లలో, బిలియన్లలో ఉంటాయి. బిలియన్ అంటే 100 కోట్లు, మిలియన్ అంటే 10 లక్షలు. మీకు ఏది అలవాటైతే అందులో రాసుకోండి కానీ మధ్యలో మార్చకండి, సగం పొరపాట్లు అక్కడే జరుగుతాయి.

ముందు తేదీలు చూడండి

పత్రం తెరవగానే అంకెల మీదకు వెళ్లొద్దు. అది ఏ రోజు వచ్చింది, దానికి ముందూ వెనకా లండన్‌లో ఏం జరిగింది అన్నది రాసుకోండి. స్కాట్లండ్ ఖర్చు పెట్టే డబ్బులో పెద్ద భాగం బ్రిటన్ ఖజానా నుంచి వచ్చే బ్లాక్ గ్రాంట్ కాబట్టి అక్కడ ఒక మాట మారితే ఇక్కడ ఐదేళ్ల పట్టిక మొత్తం మారిపోతుంది.

2025 సంగతే చూడండి. జూన్ 11న బ్రిటన్ ప్రభుత్వం స్పెండింగ్ రివ్యూ ప్రకటించింది, రోజువారీ ఖర్చులకు 2028–29 వరకు, మూలధన ఖర్చులకు 2029–30 వరకు. జూన్ 25న స్కాట్లండ్ తన పత్రం విడుదల చేసింది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ వికలాంగులకిచ్చే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్ నిబంధనలు బిగించాలని లండన్ అప్పటికి అనుకుంటూ ఉంది. అలా బిగిస్తే స్కాట్లండ్‌కు వచ్చే డబ్బు కూడా తగ్గుతుందని అంచనాల్లో కలిపేశారు. సొంత ఎంపీలే తిరగబడటంతో జులై 1న ఆ ప్రతిపాదన వెనక్కి వెళ్లింది. అంటే పత్రం వచ్చి వారం తిరగకముందే అందులో ఒక వరుస పాతబడిపోయింది. ఇందులో ఎడిన్‌బరా, అంటే స్కాట్లండ్ ప్రభుత్వం తప్పేమీ లేదు, వాళ్ల చేతిలో లేని విషయం. మీరు మాత్రం పట్టిక పైన "ఈ తేదీ వరకు తెలిసిన లెక్క" అని రాసి పెట్టుకోండి. 2024లో అయితే బ్రిటన్ ఎన్నికలు మీద పడటంతో అసలు పత్రమే రాలేదు.

దీనితో పాటు స్కాటిష్ ఫిస్కల్ కమిషన్ నివేదిక కూడా దగ్గర పెట్టుకోండి. 2017 ఏప్రిల్ నుంచి చట్టబద్ధంగా పనిచేస్తున్న స్వతంత్ర సంస్థ అది. పన్నులు ఎంత వస్తాయి, సంక్షేమ చెల్లింపులు ఎంతవుతాయి అన్న అంచనాలు వేసేది ఆ కమిషనే, మంత్రులు తమకు నచ్చిన అంకె వేసుకోవడానికి వీల్లేదు. కానీ జీతాలు, ఆసుపత్రులు, కౌన్సిళ్ల (స్థానిక సంస్థల) మీద ఖర్చు ఎలా పెరుగుతుందన్న అంచనా మాత్రం ప్రభుత్వం సొంతంగా వేసుకునేదే. ఈ తేడా గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

రెండు పట్టికలు గీయండి, ఒకటి కాదు

ఒకటి రోజువారీ ఖర్చులకు, అంటే జీతాలు, మందులు, సంక్షేమ చెల్లింపులు. ఇంకొకటి మూలధనానికి, అంటే రోడ్లు, ఆసుపత్రి భవనాలు, ఇళ్లు. మూలధనం కింద వచ్చిన డబ్బును జీతాలకు వాడకూడదు. అందుకే రెండు గ్యాప్‌లనూ కలిపి ఒకే పెద్ద అంకెగా ఎవరైనా చెబితే నమ్మకండి, మూలధనం వైపు డబ్బు మిగిలినా రోజువారీ ఖర్చులకు ఉపయోగపడదు. 2025 పత్రంలో రోజువారీ గ్యాప్ 2026–27లో దాదాపు 96 కోట్లతో మొదలై 2029–30కి 260 కోట్లకు చేరుతుంది, మూలధన గ్యాప్ 110 కోట్ల నుంచి 210 కోట్లకు వెళుతుంది.

అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా వరుసలు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి వరకు.

డబ్బు వచ్చే వైపు నింపడం

మొదటి వరుస బ్లాక్ గ్రాంట్. ఇది 1970ల చివర్లో ఖజానా మంత్రి జోయెల్ బార్నెట్ హయాంలో వచ్చిన బార్నెట్ ఫార్ములా ప్రకారం మారుతుంది. ఇంగ్లండ్‌లో ఒక శాఖ ఖర్చు ఎంత పెరిగిందో చూసి, ఆ శాఖ పనిలో ఎంత భాగం స్కాట్లండ్ చేతిలో ఉందో దానితో గుణించి, మళ్లీ జనాభా నిష్పత్తితో గుణిస్తారు. ఆరోగ్యం దాదాపు మొత్తం స్కాట్లండ్ చేతిలోనే ఉంది, స్కాట్లండ్ జనాభా ఇంగ్లండ్ జనాభాలో పది శాతానికి కాస్త తక్కువ. కాబట్టి ఇంగ్లండ్ ఆసుపత్రులకు 100 కోట్లు పెంచితే స్కాట్లండ్‌కు సుమారు 9.5 కోట్లు వస్తాయి. రక్షణ శాఖకు ఎంత పెంచినా సున్నా. వచ్చిన 9.5 కోట్లను ఆరోగ్యానికే పెట్టాలన్న నియమం మాత్రం లేదు. "లండన్ ఆసుపత్రులకు డబ్బిచ్చింది, ఎడిన్‌బరా మింగేసింది" లాంటి పోస్టులు కనిపిస్తే ఈ ఒక్క సంగతి గుర్తు తెచ్చుకోండి.

రెండో వరుస దగ్గరే చాలామంది బోల్తా పడతారు. స్కాట్లండ్ 2017 ఏప్రిల్ నుంచి జీతాలు, పెన్షన్లు, అద్దెల లాంటి ఆదాయం మీద పన్ను రేట్లు, శ్లాబులు తనే పెడుతోంది. 2024–25 నుంచి ఆరు శ్లాబులు, పై రేటు 48 శాతం. ఇంగ్లండ్‌లో పై రేటు 45. (పన్ను మొదలయ్యే పరిమితి మాత్రం ఇప్పటికీ లండనే నిర్ణయిస్తుంది.) ఆ పన్ను మీద ఏడాదికి 2,000 కోట్ల పౌండ్లకు పైగా వస్తుంది. అది చూసి అంత డబ్బూ అదనం అనుకోకండి. పన్ను మీకిచ్చాం కాబట్టి మాకు పోయిన ఆదాయం అని బ్లాక్ గ్రాంట్‌లోంచి లండన్ కోత పెడుతుంది, ఆ కోత ప్రతి ఏడాదీ మిగతా బ్రిటన్‌లో తలసరి పన్ను పెరిగే వేగంతోనే పెరుగుతూ పోతుంది. రెండు ప్రభుత్వాల మధ్య 2016 ఒప్పందంలో ఈ పద్ధతి పెట్టారు, 2023 సమీక్షలో శాశ్వతం చేశారు.

కాబట్టి మీ పట్టికలో పన్ను ఒక వరుస, కోత ఒక వరుస, రెండింటి తేడా మూడో వరుస. చూడాల్సింది మూడోదే. 2025–26కి అంత పన్ను వసూలు తర్వాత కూడా ఆ తేడా అంచనా వంద కోట్ల లోపే ఉంది. స్కాట్లండ్‌లో జీతాలు పెరిగినా, మిగతా బ్రిటన్ కంటే నెమ్మదిగా పెరిగితే ఈ వరుస తగ్గుతుంది. రేట్లు పెంచి సంపాదించినదాంట్లో కొంత అలాగే కరిగిపోతూ వచ్చింది. నా మట్టుకు ఈ పత్రం మొత్తంలో ముఖ్యమైన వరుస ఇదే, వార్తల్లో మాత్రం దీని ఊసే ఉండదు.

మూడేళ్ల తర్వాత వచ్చే బిల్లు

దీనికి విడిగా ఒక వరుస పెట్టండి, పేరు రికన్సిలియేషన్. ఒక ఏడాది పన్నును మొత్తం ఒకసారి వెనక్కి తిప్పి చూస్తే ఇది అర్థమవుతుంది.

2018–19 సంవత్సరం తీసుకుందాం. ఆ బడ్జెట్ 2017 డిసెంబర్‌లో పెట్టారు. స్కాట్లండ్ పన్ను ఎంత వస్తుందో ఒక అంచనా, లండన్ కోత ఎంతో ఇంకో అంచనా, ఆ రెండింటి మీద ఆధారపడి డబ్బు చేతికిచ్చేశారు, ఖర్చు కూడా అయిపోయింది. అసలు లెక్కలు పన్ను శాఖ నుంచి వచ్చేసరికి 2020 అయింది. తీరా చూస్తే 30.9 కోట్లు ఎక్కువ ఇచ్చారని తేలింది. దాన్ని 2021–22 బడ్జెట్‌లోంచి వెనక్కి తీసుకున్నారు, అదీ కోవిడ్ మధ్యలో. ఆ దెబ్బకు ప్రభుత్వం ఆ ఏడాది అప్పు తీసుకోవాల్సి వచ్చింది. అంచనాలు తప్పినప్పుడు ఆ తేడా పూడ్చుకోవడానికి అప్పు తీసుకోవచ్చు, రోజువారీ ఖర్చు వైపు వాళ్లకున్న ముఖ్యమైన వెసులుబాటు అదే. అది కూడా మూడు నుంచి ఐదేళ్లలో తీర్చేయాలి.

అన్నిసార్లూ నష్టమే అనుకోకండి. 2022–23 పన్ను లెక్క తేలాక 44.7 కోట్లు స్కాట్లండ్‌కే రావాల్సి వచ్చింది, 2025–26 బడ్జెట్‌కు అది కలిసొచ్చింది. ప్లస్ అయినా మైనస్ అయినా అది ఒక్క ఏడాది సంగతే. ఒక ఏడాది వచ్చిన 44.7 కోట్లను చూసి శాశ్వతంగా ఉండే పథకం మొదలుపెడితే మరుసటి ఏడాది ఆ డబ్బు ఉండదు, పథకం ఉంటుంది. మీ పట్టికలో ఈ వరుసను వేరే రంగులో పెట్టుకుంటే మంచిది.

ఖర్చు వైపు: జీతాలు ముందు, మిగతావి తర్వాత

రోజువారీ ఖర్చులో సగానికి పైగా ప్రభుత్వ ఉద్యోగుల జీతాలే. అందుకే పత్రంలో జీతాలు ఏడాదికి ఎంత శాతం పెరుగుతాయని ఊహించారో వెతికి పట్టుకోండి, చాలాసార్లు అది అనుబంధంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. 2025–26 నుంచి 2027–28 వరకు మూడేళ్లకు కలిపి 9 శాతం అన్నది ప్రభుత్వం పెట్టిన విధానం. ఇప్పుడు నర్సులు, ఇతర ఆసుపత్రి సిబ్బందితో 2025లో కుదిరిన ఒప్పందం చూడండి: మొదటి ఏడాది 4.25, రెండో ఏడాది 3.75 శాతం. రెండూ కలిపితే 8.16. పైగా ద్రవ్యోల్బణం కన్నా కనీసం ఒక శాతం ఎక్కువ ఉంటుందన్న హామీ. 9 శాతంలోనే ఉండాలంటే మూడో ఏడాదికి మిగిలింది ఒక శాతం కూడా లేదు. ఆ ఒక్క శాతానికి యూనియన్లు ఒప్పుకుంటాయా లేదా అన్నది మీరే ఆలోచించండి.

జీతాల బిల్లు 2,500 కోట్లు అనుకుంటే ఒక్క శాతం తేడా అంటే 25 కోట్లు, అదీ ప్రతి ఏడాదీ, ఒకసారి పెరిగిన జీతం మళ్లీ తగ్గదు కాబట్టి. పెరుగుదలను ఒక శాతం మార్చి ఐదేళ్లు లాగి చూడండి, గ్యాప్ ఎంత కదులుతుందో మీ కళ్ల ముందే కనిపిస్తుంది. ప్రభుత్వం చెప్పే మందు ఉద్యోగుల సంఖ్యను 2029–30 వరకు ఏడాదికి సగటున 0.5 శాతం తగ్గించడం. అయితే బలవంతంగా ఎవరినీ తీసేయం అనేది కూడా 2025లో వాళ్ల విధానమే. అంటే రిటైరయిన వాళ్ల స్థానాలు ఖాళీగా ఉంచాలి. ఆసుపత్రి వార్డుల్లో అది కుదరదు కనుక భారమంతా ఆఫీసుల మీద పడుతుంది.

సంక్షేమం లెక్క పన్నుకు అద్దంలో బొమ్మ లాంటిది. అక్కడ లండన్ కోత పెట్టదు, ఇస్తుంది, బ్రిటన్‌లో అదే పథకానికి అయ్యే ఖర్చును బట్టి. స్కాట్లండ్ నిబంధనలు ఉదారంగా ఉంటే ఆ తేడా సొంత జేబులోంచే. తక్కువ ఆదాయమున్న కుటుంబాలకు పిల్లల కోసం ఇచ్చే స్కాటిష్ చైల్డ్ పేమెంట్ లాంటి దానికి, 2025–26లో ఒక్కో బిడ్డకు వారానికి 27.15 పౌండ్లు, బ్రిటన్‌లో సాటి పథకమే లేదు కాబట్టి పైసా కూడా రాదు. ఇది మంచిదా కాదా అన్నది వేరే చర్చ. పట్టికలో మాత్రం ఖర్చు, వచ్చే డబ్బు, తేడా అని మూడు వరుసలు ఉండాలి.

ఆరోగ్యం అన్నిటికన్నా పెద్ద శాఖ, జనాభా వయసు పెరుగుతుండటంతో మిగతా శాఖల కన్నా వేగంగా పెరుగుతుంది. మిగిలిన శాఖలను ఒకే వరుసలో కలిపేసినా మొదటిసారికి నష్టం లేదు.

మంచి, మధ్య, చెడు

పత్రం సాధారణంగా మధ్య అంచనాతో పాటు ఆశాజనకమైనదీ, నిరాశాజనకమైనదీ ఇస్తుంది. మూడింటినీ చూడండి కానీ మధ్యదాన్ని జోస్యంగా తీసుకోకండి. వాటికంటే మీరు సొంతంగా ఒక్కో ఊహను మార్చి చూడటమే మేలు: జీతాలు ఒక శాతం ఎక్కువ, పన్ను తేడా వరుస సగం, బ్లాక్ గ్రాంట్ అర శాతం తక్కువ. ఏది మారిస్తే గ్యాప్ ఎక్కువగా కదిలిందో దాని పక్కన గుర్తు పెట్టుకోండి. తర్వాత ఏడాది వార్తలు చదివేటప్పుడు ఆ గుర్తున్నవే చదివితే చాలు.

పాత పత్రం తీసి, గ్యాప్ ఎలా మాయమైందో చూడండి

ఇది తప్పకుండా చేయండి. 2023 పత్రం 2024–25కి 100 కోట్ల గ్యాప్ చూపించింది. ఏం జరిగింది? 2023 డిసెంబర్ బడ్జెట్‌లో కొత్తగా 45 శాతం శ్లాబు పెట్టారు. తక్కువ అద్దె ఇళ్ల నిర్మాణానికి ఇచ్చే మొత్తాన్ని 26 శాతం కోశారు, అది మూలధనం వైపు. మరోపక్క ఇళ్ల మీద కౌన్సిళ్లు వేసే కౌన్సిల్ ట్యాక్స్‌ను పెంచకుండా ఆపి, దానికి పరిహారంగా కౌన్సిళ్లకు డబ్బిచ్చారు, అంటే గ్యాప్ పూడుస్తూనే కొత్త ఖర్చు కూడా నెత్తిన పెట్టుకున్నారు. అయినా చాలలేదు. 2024 సెప్టెంబర్‌లో అప్పటి ఆర్థిక మంత్రి షోనా రాబిసన్ 50 కోట్ల వరకు అత్యవసర పొదుపు చర్యలు ప్రకటించారు, సముద్రపు గాలి విద్యుత్ లీజుల మీద వచ్చిన స్కాట్‌విండ్ సొమ్ములోంచి 46 కోట్ల దాకా వాడుకుంటామన్నారు. అది భవిష్యత్తు పెట్టుబడులకని పక్కన పెట్టిన డబ్బు. ఆ తర్వాత అక్టోబర్ 30న లండన్ బడ్జెట్ వచ్చి ఆ ఏడాదికే 150 కోట్లు అదనంగా ఇచ్చింది, స్కాట్‌విండ్ డబ్బు ముట్టుకోవాల్సిన అవసరం తప్పింది.

ఆ 100 కోట్లు ఎవరెవరు కట్టారో ఇప్పుడు మీకు తెలుసు: ఎక్కువ జీతాలున్నవాళ్లు కొంత, ఏడాది మధ్యలో కార్యక్రమాలు ఆగిపోయిన వాళ్లు కొంత, మిగతాది లండన్ చేసిన అప్పు, వేసిన పన్ను. పత్రంలో వీటిలో ఏదీ ముందుగా రాసి లేదు.

మూలధనం గ్యాప్ తీరే పద్ధతి ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది. అక్కడ కోత అని ఎవరూ అనరు, ఆలస్యం అంటారు. పెర్త్ నుంచి ఇన్వర్నెస్ దాకా ఏ9 రోడ్డును నాలుగు వరుసలు చేస్తామని పెట్టుకున్న గడువు 2025. 2023 ఫిబ్రవరిలో అది కుదరదన్నారు, డిసెంబర్‌లో కొత్త గడువు 2035 అన్నారు. మూలధన పట్టికలో గ్యాప్ కనిపించిందంటే, ప్రాజెక్టుల జాబితా తీసి ఏ గడువు వాయిదా పడిందో చూడటమే మార్గం.

ఇక మందులపెట్టెలో ఏముందో

గ్యాప్ పూడ్చడానికి అప్పు, రిజర్వు ఎంతవరకు పనికొస్తాయో చివర్లో రాసుకోండి. 2023 సమీక్ష తర్వాత అంచనా తప్పినప్పుడు తీసుకునే అప్పు ఏడాదికి 60 కోట్లు, మొత్తం 175 కోట్లు దాటకూడదు. మూలధనానికి ఏడాదికి 45 కోట్లు, మొత్తం 300 కోట్లు. రిజర్వులో 70 కోట్లకు మించి దాచుకోకూడదు. ఈ పరిమితులు 2024–25 నుంచి ధరలతో పాటు పెరుగుతాయి. 6,000 కోట్లు దాటిన బడ్జెట్ ముందు పెట్టి చూస్తే ఇవి చాలా చిన్నవి, ఒక చెడ్డ ఏడాదిని దాటడానికి సరిపోతాయి, వరసగా ఐదేళ్లకు చాలవు.

అందుకే 2025లో పత్రంతో పాటు ఫిస్కల్ సస్టెయినబిలిటీ డెలివరీ ప్లాన్ అని ఇంకొకటి ఇచ్చారు, పొదుపులు, ఆదాయాలతో 260 కోట్లు ఎలా పూడుస్తామో చెప్పడానికి. దాన్ని చదివే పద్ధతి ఒక్కటే. ప్రతి హామీ పక్కన మూడు ప్రశ్నలు వేయండి: అంకె ఉందా, ఏడాది ఉందా, ఎవరి బాధ్యతో రాశారా. మూడూ ఉంటే మీ పట్టికలో వేసుకోండి. "సామర్థ్యం పెంచుతాం", "సేవలను సంస్కరిస్తాం" అని మాత్రమే ఉంటే సున్నా వేసి ముందుకెళ్లండి. ఇలా వడకట్టాక మిగిలే గ్యాప్ ప్రభుత్వం చెప్పినదానికన్నా పెద్దగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆ తర్వాత బడ్జెట్ వచ్చినప్పుడు కొత్త అంకెలను పాతవాటి మీద రాసేయకండి. పక్కన ఇంకో నిలువు వరుస పెట్టి రెండూ ఉంచండి, జీతాలు, పన్ను తేడా, సంక్షేమం తేడా అనే మూడు వరుసల్లో ఏది ఎంత కదిలిందో ముందు చూసి, మంత్రి ప్రసంగం తర్వాత వినండి.